చికాగో బర్బన్ బ్యారెల్ స్టౌట్: రుచి చూడబోయేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఏటా నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. ఆ మర్నాడు, శుక్రవారం, చికాగోకు చెందిన గూస్ ఐలాండ్ అనే బీరు సంస్థ ఆ ఏటి బర్బన్ కౌంటీ స్టౌట్ సీసాలను విడుదల చేస్తుంది. స్టౌట్ అంటే చిక్కటి నల్ల బీరు. దీన్ని బర్బన్ అనే అమెరికా విస్కీ పండిన చెక్క పీపాల్లో, అంటే బ్యారెళ్లలో, పండిస్తారు. అప్పటి నుంచి సంక్రాంతి దాకా మిత్రుల నుంచి నాకు ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. సీసా ఖరీదైనది, లోపలి సరుకు ఘాటైనది. మామూలు బీరు తాగినట్టు తాగేస్తే అందులో ఉన్న రుచి సగం తెలియకుండానే పోతుంది. అలా పోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే తరచుగా ఎదురయ్యే ప్రశ్నలను ఒకచోట చేర్చి తీరిగ్గా జవాబులు రాశాను. ఉదాహరణలు ఎక్కువగా ఈ చికాగో స్టౌట్ నుంచే తీసుకున్నా, చెప్పే పద్ధతి బ్యారెల్‌లో పండించిన ఏ చిక్కటి స్టౌట్‌కైనా వర్తిస్తుంది. ఇదంతా చట్టప్రకారం మద్యం తాగే వయసు వచ్చినవారికే. అమెరికాలో ఆ వయసు 21.

ఇది అసలు బీరేనా? రంగు, ఘాటు చూస్తే అలా అనిపించదే?

అచ్చంగా బీరే. బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), నీళ్లు, హాప్స్ అనే చేదు పూలు, పులియబెట్టే ఈస్ట్, ఇవే ముడిసరుకులు. కొంత మాల్ట్‌ను, బార్లీని కాఫీ గింజల మాదిరే నల్లబడేదాకా వేయిస్తారు. నలుపు రంగు, చాక్లెట్ వాసన, కాఫీ చేదు అక్కడి నుంచే వస్తాయి.

ఇంత ఘాటైన స్టౌట్ పుట్టినిల్లు మాత్రం లండన్. సదర్క్ ప్రాంతంలో హెన్రీ థ్రేల్ అనే వ్యాపారికి పెద్ద బీరు కర్మాగారం ఉండేది. ఆయన పోయాక 1781లో అది బార్‌క్లే, పెర్కిన్స్ కుటుంబాల చేతికి వెళ్లింది. అక్కడ తయారైన చిక్కటి పోర్టర్ (స్టౌట్‌కు మూలమైన నల్ల బీరు) రష్యా సామ్రాజ్ఞి కోసం ప్రత్యేకంగా కాచినదని 1796 నాటి ఒక లండన్ చిత్రకారుడి దినచర్య పుస్తకంలో రాసి ఉంది. ఇంపీరియల్ స్టౌట్ అనే పేరు ఆ రష్యా బంధంతోనే నిలిచింది.

దాన్ని బర్బన్ పీపాలో పోయాలన్న ఆలోచనకు పేరు తెచ్చినవాడు గూస్ ఐలాండ్‌లో బ్రూమాస్టర్‌గా, అంటే బీరు తయారీకి పెద్దగా ఉన్న గ్రెగ్ హాల్. 1990లలో ఒక విందులో ఆయనకు, బర్బన్ తయారుచేసే జిమ్ బీమ్ కుటుంబానికి చెందిన బుకర్ నో పరిచయమయ్యాడు. బుకర్ నో ఇచ్చిన ఖాళీ పీపాల్లో, తమ పబ్బులో వెయ్యో బ్యాచ్ కోసమని కాచిన స్టౌట్‌ను నింపి పండబెట్టారు. నేడు అమెరికాలో ఈ పద్ధతిని పాటించే సంస్థలకు లెక్క లేదు. గూస్ ఐలాండ్ 2011లో ఆన్‌హాయిజర్-బుష్ ఇన్‌బెవ్ చేతికి వెళ్లింది. పెద్ద కంపెనీ చేతికి వెళ్లినందుకు దీన్ని పక్కన పెట్టేసినవారు ఉన్నారు. నేను మాత్రం గ్లాసులో ఉన్నదాన్ని చూసి మాట్లాడతాను. గ్లాసులో ఉన్నది ఇప్పటికీ బాగుంది.

పీపాలో ఉంచితే ఏమవుతుంది?

బర్బన్ అనిపించుకోవాలంటే అమెరికా చట్టం ప్రకారం కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే పండాలి. కొత్తదే కావాలి గనుక ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు. కెంటకీలో అలాంటి ఖాళీ పీపాలు ఏటా గుట్టలుగా మిగులుతాయి. ఒక్కొక్కటి సుమారు 200 లీటర్లు పడుతుంది. స్టౌట్ తయారీదారులు కొనేది వాటినే.

లోపలి చెక్క బొగ్గులా కాలి ఉంటుంది. ఆ బొగ్గు పొర వెనక, వేడికి ఎర్రబడిన చెక్కలో అసలు సంగతంతా ఉంది. చెక్కలోని లిగ్నిన్ వేడికి విడిపోయినప్పుడు వెనిలిన్ పుడుతుంది. వెనిలా కాయకు ఆ వాసన ఇచ్చేది కూడా ఈ పదార్థమే. హెమిసెల్యులోజ్ అనే మరో భాగం వేడికి చక్కెరలుగా మారి, మాడి, క్యారమెల్ వాసనలిస్తుంది. ఓక్‌లో సహజంగా ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసన తెస్తాయి. టానిన్ల వల్ల కాస్త వగరు వస్తుంది. వీటికి తోడు, ఏళ్ల తరబడి చెక్కలో ఇంకిన బర్బన్ మెల్లగా స్టౌట్‌లోకి దిగుతుంది. పీపాలోకి వెళ్లినప్పటి కంటే బయటికి వచ్చేసరికి ఆల్కహాలు శాతం పెరగడానికి అదొక కారణం.

వాతావరణం పాత్ర కూడా చిన్నది కాదు. చికాగో ఎండాకాలంలో వేడికి ద్రవం ఉబ్బి చెక్క రంధ్రాల్లోకి చొచ్చుకుపోతుంది. ఎముకలు కొరికే చలి వచ్చాక ముడుచుకుని, అక్కడి రుచులతో సహా వెనక్కి వస్తుంది. అందుకే దాదాపు ఏడాది పాటు, ఎండా చలీ రెండూ తగిలేలా ఉంచుతారు.

అయితే అందులో వెనిలా, చాక్లెట్ కలపరా?

సీసా మీద ఏమీ రాయని మూల స్టౌట్‌లో కలపరు. వెనిలా, కొబ్బరి, క్యారమెల్ అని మనకు తోచేవి ఓక్ ఇచ్చినవి. చాక్లెట్, కాఫీ మాల్ట్ ఇచ్చినవి. ఎండుద్రాక్ష, అత్తి పండు లాంటివి కొంత మాల్ట్ నుంచి, కొంత ఈస్ట్ నుంచి, కొంత కాలం వల్ల వచ్చినవి. గింజ, నీళ్లు, చెక్క, వీటితోనే ఇంత తీపి భ్రమ కల్పించడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ప్రత్యేక రకాల్లో మాత్రం నిజంగానే కలుపుతారు. చికాగోలో మాత్రమే అమ్మే ప్రొప్రైటర్స్ అనే సీసా 2013లో మొదలైంది. ఆ ఏడు రై అనే ధాన్యంతో చేసే విస్కీ పీపాల్లో పండించి, వేయించిన కొబ్బరి వేశారు. 2014లో దాల్చినచెక్క లాంటి కాసియా చెక్క, కోకో గింజల ముక్కలు, పనేలా అనే లాటిన్ అమెరికా బెల్లం, కొబ్బరి నీళ్లు కలిపారు. 2020లో కెంటకీ ఫాగ్ పేరుతో టీ, తేనె రుచులతో మరో రకం వచ్చింది. ఇతర సంస్థలూ ఇదే పని చేస్తాయి. ఫ్లోరిడాలోని సిగార్ సిటీ వారి హునాపూ అనే స్టౌట్‌లో కోకో, వెనిలా, దాల్చినచెక్కతో పాటు ఎండుమిరప కూడా పడుతుంది. మిషిగన్‌లో ఫౌండర్స్ వారి కేబీఎస్‌లో కాఫీ, చాక్లెట్ ఉంటాయి. ఇండియానాలోని మన్‌స్టర్‌లో, చికాగో పొలిమేరలోనే, త్రీ ఫ్లాయిడ్స్ వారు కాచే డార్క్ లార్డ్‌లో కాఫీ, మెక్సికో వెనిలాతో పాటు భారతదేశపు చక్కెర వేస్తామని వారే చెప్పుకుంటారు.

ఇంకా ముందుకు వెళ్లి కేకు, బిస్కెట్టు, పాయసం రుచులను తలపించేలా చేసేవే పేస్ట్రీ స్టౌట్లు. వీటిలో చాలావాటికి పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ కలుపుతారు. బీరు ఈస్ట్ దాన్ని తినలేదు. అందువల్ల అది తీపిగా, నునుపుగా అలాగే మిగిలిపోతుంది.

ఎంత ఘాటు? ఒక సీసా ఒక్కరికి సరిపోతుందా?

సరిపోవడం కాదు, ఎక్కువవుతుంది. లెక్క చూడండి. బర్బన్ కౌంటీ సీసా 500 మిల్లీలీటర్లు. ఆల్కహాలు ఏటికేడు కాస్త మారుతూ 14, 15 శాతం దగ్గర ఉంటుంది. 14.5 శాతం అనుకుంటే లోపల 72 మిల్లీలీటర్లకు పైగా శుద్ధ ఆల్కహాలు. మన దగ్గర 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది దాదాపు 26. అంటే ఒక సీసా మూడు పెద్ద పెగ్గులకు కొంచెం తక్కువ. తీపి ఘాటును కప్పేస్తుంది గనుక తాగుతున్నంతసేపూ ఆ సంగతి తెలియదు. లేచి నిలబడితే తెలుస్తుంది.

నా లెక్కలో నలుగురికి ఒక సీసా, లేదా అయిదుగురికి. తలా 100 నుంచి 120 మిల్లీలీటర్లు. ఆ రాత్రి బండి నడిపేవారు ముట్టనే కూడదు.

ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోయవచ్చా?

వద్దు. చల్లదనం వాసనలను బంధిస్తుంది, చేదును పైకి తెస్తుంది. సీసాను ఫ్రిజ్ బయట అరగంట పెట్టండి. 12, 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెడితే, గ్లాసులో ఉండగానే ఇంకాస్త వెచ్చబడుతుంది. ఐసు ముక్కల మాటే ఎత్తవద్దు.

ప్రత్యేకమైన గ్లాసు కొనాలా?

అక్కర్లేదు. అడుగు వెడల్పుగా, మూతి సన్నగా ఉండే ఏ చిన్న గ్లాసైనా చాలు. బ్రాందీ గ్లాసు, తులిప్ గ్లాసు, చివరకు వైన్ గ్లాసు కూడా సరే. మూతి సన్నగా ఉంటే వాసన నిలుస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టి మంచుపట్టిన మగ్గు మాత్రం దీనికి శత్రువు.

నురగ నిలవడం లేదు. పాడైందా?

లేదు. ఇంత ఆల్కహాలు ఉన్నచోట నురగ నిలవదు. గోధుమ రంగు పొర ఒకటి లేచి, చూస్తుండగానే గ్లాసు అంచుకు ఉంగరంలా తగ్గిపోతుంది. గ్యాసు కూడా తక్కువే ఉంటుంది. మామూలు బీరులోని బుడగల చురుకుదనం దీని నుంచి ఆశించకూడదు.

సరిగ్గా రుచి చూడడం ఎలా?

భోజనం అయిన వెంటనే, మసాలా ఘాటు నాలుక మీద ఉండగా మొదలుపెట్టకండి. ఆవకాయ తిన్న నోటికి ఏ స్టౌటూ తన మాట చెప్పలేదు. నీళ్లు తాగి, కాస్త వ్యవధి ఇవ్వండి. గదిలో అగరుబత్తి, సెంటు వాసనలు లేకుండా చూసుకోండి.

గ్లాసు మూడో వంతుకు మించకుండా పోయండి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే నడుమ వెలుతురు చొరనంత నలుపు, అంచున మాత్రం ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు. గ్లాసును మెల్లగా తిప్పితే గోడల వెంట ద్రవం పల్చటి తెరలా ఎక్కి, చారలుగా నెమ్మదిగా దిగుతుంది. ఆ దిగే వేగంలోనే చిక్కదనం కనబడుతుంది.

ముక్కు గ్లాసులో దూర్చవద్దు. ఆల్కహాలు ఆవిరి ముక్కును మొద్దుబారుస్తుంది. నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, నోరు కొంచెం తెరిచి, చిన్న చిన్న ఊపిరులు తీయండి. మొదట బర్బన్ ఘాటు తగులుతుంది. అది తప్పుకున్నాక వెనిలా, కాలిన చెక్క, కోకో ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నాకు ఎప్పుడూ ఆగి ఆస్వాదించాలనిపించే వాసన ఒకటి ఉంది. అది అరిసెల కోసం పెట్టిన బెల్లం పాకం ముదిరి, ఇంకొక్క క్షణం ఉంచితే మాడిపోతుందనే వేళ వచ్చే వాసన లాంటిది. పీపాలో పండిన మంచి స్టౌట్లన్నింటిలో దాని జాడ ఎంతో కొంత దొరుకుతుంది.

మొదటి గుటకను లెక్కలోకి తీసుకోకండి. అది నోటిని సిద్ధం చేయడానికే. రెండోసారి చెంచాడు మాత్రమే తీసుకుని నాలుక మీద నాలుగైదు సెకన్లు తిప్పండి. తీపి ముందు వస్తుంది. దాని వెనక వేయించిన గింజ చేదు వస్తోందా లేదా గమనించండి. మింగాక నోరు మూసి ముక్కు గుండా ఊపిరి వదలండి. ఇది చాలామంది వదిలేసే పని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. ఎందుకంటే రుచి అని మనం అనుకునేదానిలో ఎక్కువ భాగం వాసనే, అది గొంతు వెనక నుంచి ముక్కుకు చేరేది ఆ ఊపిరిలోనే. కొబ్బరి, పొగాకు, ఎండు చెర్రీ లాంటివి అప్పుడే బయటపడతాయి.

ఆ తరవాత గ్లాసు పక్కన పెట్టి మాట్లాడుకోండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. అదే గ్లాసులో చాక్లెట్ ముందుకు వచ్చి ఆల్కహాలు వెనక్కి తగ్గి ఉంటుంది. తోచిన మాటలు కాగితం మీద రాసుకోండి. పక్కవారితో పోల్చుకోవడం రాసిన తరవాతే. ఒకరు కొబ్బరి అనగానే అందరికీ కొబ్బరే తోచడం ప్రతి బల్ల దగ్గరా జరిగేదే.

మంచిదీ కానిదీ ఎలా తేల్చుకోవాలి?

దీనికి నా దగ్గర ఒక్కటే కొలత ఉంది: రెండో గుటక తాగాలనిపించాలి. తీపి ఎంత ఉన్నా పట్టించుకోను, దాన్ని నిలబెట్టే చేదు ఉంటే చాలు. కాల్చిన బార్లీ చేదు, హాప్స్ చేదు, ఓక్ వగరు, ఈ మూడూ కలిసి తీపిని అదుపులో పెడతాయి. ఇవి లేని పేస్ట్రీ స్టౌట్లు మొదటి గుటకకు ఆహా అనిపించి, మూడో గుటకకు మొహం మొత్తిస్తాయి. గత పదిపదిహేనేళ్లలో వెనిలా, లాక్టోజ్ కుమ్మరించి, లోపలి స్టౌట్ ఏమిటో తెలియకుండా చేసే పోకడ బాగా పెరిగింది. అది నాకు నచ్చదు. కలిపిన వస్తువు స్టౌట్‌ను చూపించాలి, దాచకూడదు. ప్రొప్రైటర్స్ లాంటి సీసాలు బాగా కుదిరిన ఏళ్లలో కొబ్బరి తెలుస్తుంది, దాని కింద మాడిన మాల్టూ తెలుస్తుంది. అలా రెండూ తెలియాలి.

ఘాటు సంగతి కూడా చూడాలి. గొంతులో వెచ్చదనం రావడం సహజం. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వచ్చి గొంతు మండితే అది లోపం.

ఏ రకంతో మొదలుపెట్టాలి?

ఏమీ కలపని మూల స్టౌట్‌తో. అది తెలియకుండా కొబ్బరిదో కాఫీదో తాగితే ఏది చెక్క ఇచ్చింది, ఏది చేత్తో కలిపింది అన్నది విడదీయలేరు. ఒకే సాయంత్రం రెండు మూడు రకాలు చూడదలిస్తే మూల స్టౌట్, తరవాత కాఫీ లేదా పండు వేసినది, అన్నిటికన్నా తీయనిది చివర. మిరప వేసినది ఉంటే అదే ఆఖరుది. మధ్యలో ఉప్పులేని బ్రెడ్డు ముక్క, గ్లాసుడు నీళ్లు. మూడు రకాలకు మించితే నాలుక లొంగిపోతుంది. రకానికి 50, 60 మిల్లీలీటర్లు చాలు.

పుల్లగా ఉంది. అలాగే ఉంటుందా?

ఉండకూడదు. ఎండు చెర్రీ లాంటి సన్నని పులుపు పరవాలేదు గానీ, నిమ్మరసం లాంటి పులుపు వస్తే బ్యాక్టీరియా చేరినట్టే. చెక్కలో సూక్ష్మజీవులను పూర్తిగా తొలగించడం కష్టం. 2015 నాటి బర్బన్ కౌంటీలో కొన్ని రకాలకు ఇదే జరిగింది. కారణం ఒక లాక్టోబాసిల్లస్ జాతి అని తేలింది. సంస్థ ఆ సంగతి బహిరంగంగా ఒప్పుకుని కొన్నవారికి డబ్బు వెనక్కి ఇచ్చింది. 2016 నుంచి పాశ్చరైజ్ చేయడం మొదలుపెట్టింది. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి సోకిందని అర్థం. సోయా సాస్ లాంటి ఉప్పటి రుచి మరీ ఎక్కువైతే చాలా పాతబడిందని అర్థం.

పక్కన ఏం తినాలి?

ఇదే డెజర్ట్ కాబట్టి పక్కన ఇంకో తీపి పెట్టకపోయినా లోటు ఉండదు. పెట్టాలంటే 70 శాతం పైబడిన చేదు చాక్లెట్, ఉప్పు వేసి వేయించిన బాదం, నీలి జున్ను (బ్లూ చీజ్). నీలి జున్ను వాసనకు మొహం తిప్పుకునేవారు కూడా ఒక్కసారి ఈ జోడీ ప్రయత్నించండి. ఆ ఉప్పదనం స్టౌట్‌లోని చాక్లెట్‌ను ఎలా లేపుతుందో చెబితే నమ్మశక్యం కాదు. వెనిలా ఐస్‌క్రీమ్ గిన్నెలో రెండు చెంచాల స్టౌట్ పోసుకోవడం పిల్లలు లేని బల్ల దగ్గర మంచి ముగింపు.

మన పిండివంటల్లో నాకు బాగా కుదిరినవి నువ్వులు వేసిన అరిసెలు, పచ్చికోవా. నువ్వుల చిరుచేదు మాల్ట్‌తో కలుస్తుంది, కోవా పాలవాసన కాఫీ చేదును మెత్తబరుస్తుంది. కాజా, జిలేబి లాంటి పాకం పట్టిన మిఠాయిలు వద్దు. వాటి తీపి ముందు స్టౌట్ నీళ్లలా పల్చబడిపోతుంది. పకోడీలు, కారప్పూస కూడా దీనికి జోడీ కాదు, మిరప ఆల్కహాలు మంటను రెట్టిస్తుంది.

కొన్ని ఏళ్లు దాచవచ్చా?

మూల స్టౌట్‌ను దాచవచ్చు. అయిదేళ్ల దాకా సీసాలోనే పరిణతి చెందుతుందని తయారీదారులే చీటీ మీద రాస్తారు. చీకట్లో, చల్లగా, నిలువుగా పెట్టండి. పడుకోబెట్టవద్దు. మొదటి ఏడాది బర్బన్ పదును ఉంటుంది, మూడో ఏటికి అది మెత్తబడి ఎండుద్రాక్ష, ఖర్జూరం ముందుకొస్తాయి. కాఫీ, కొబ్బరి, పండు వేసినవి మాత్రం ఆలస్యం చేయకుండా తాగేయాలి. కాఫీ అన్నిటికన్నా ముందు వాడిపోతుంది. రెండు సీసాలు కొనగలిగితే ఒకటి ఈ చలికాలానికి, ఒకటి మూడేళ్ల తరవాతకు ఉంచమని నా సలహా.

ఎవరు దూరంగా ఉండాలి?

గర్భిణులు, కాలేయం జబ్బులున్నవారు, ఆల్కహాలుతో పడని మందులు వాడేవారు తాగకూడదు. మధుమేహం ఉన్నవారు వైద్యుణ్ని అడగాలి. ఆల్కహాలు ఒక్కదాని నుంచే సీసాకు 400 కేలరీల దాకా వస్తాయి, మిగిలిన చక్కెర లెక్క వేరు. పాలు పడనివారు లాక్టోజ్ ఉందేమో, గింజలు పడనివారు బాదం, పెకాన్ లాంటివి ఉన్నాయేమో చీటీ చదవాలి. బార్లీ ఉంది గనుక గ్లూటెన్ పడనివారికి ఇది పనికిరాదు.

హైదరాబాద్‌లో, విజయవాడలో దొరుకుతుందా?

భారత ఆహార భద్రతా నిబంధనల్లో బీరుకు ఆల్కహాలు పరిమితి 8 శాతం. కాబట్టి ఈ ఘాటు స్టౌట్లు బీరు అరల్లో కనబడవు. మన మైక్రోబ్రూవరీల్లో స్టౌట్ కాస్తే అడిగి తాగి చూడండి, కాల్చిన మాల్ట్ రుచి అలవాటవుతుంది. అమెరికా నుంచి వచ్చే బంధువులు తేవచ్చు. పెద్దలకు తలా రెండు లీటర్ల వరకు మద్యానికి కస్టమ్స్ సుంకం ఉండదు. అంటే నాలుగు సీసాలు. చేతిసంచిలో కాదు, చెకిన్ పెట్టెలో, ప్రతి సీసానూ ప్లాస్టిక్ సంచిలో కట్టి, బట్టల నడుమ పెట్టాలి. ఇంటికి చేరాక వారం రోజులు కదపకుండా నిలువుగా ఉంచి, మడ్డి దిగాక తీయండి.

మూత తీసిన సీసా మిగిలితే?

బిగుతైన మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి ఉన్న కాస్త గ్యాసు పోయినా రుచి ఉంటుంది. మూడో రోజు దాటితే తాగడానికి కాదు, వంటకు. అరకప్పు స్టౌట్‌ను సన్నని సెగ మీద సగానికి మరిగించి, చల్లార్చి చాక్లెట్ కేకు పిండిలో కలపండి. సెగ పెంచితే చేదెక్కుతుంది, తగ్గించే ఉంచండి.